జంపక్క చేను మీద కవిత

జయప్రకాశ్ సారు ఇంటి గోడకి తన చేను అద్దం కట్టి వేలాడుతుంటే జంపక్కకి ఒళ్ళు మండిపోయింది. పొగలో నిలబడ్డ తన ఫొటో, పక్కన కవిత, కింద లావు అక్షరాల్లో సారు పేరు. దానికి అవార్డు కూడా వచ్చిందట.

సారు ఖమ్మంలో కోచింగ్ కాలేజీ లెక్చరరు. రెండేళ్ళ కిందట, 2007 వేసవిలో, భద్రాచలం పోతూ జీపు దిగి అరగంట ఆమె చేను గట్టున నిలబడ్డాడు. మంచినీళ్ళడిగి తాగాడు, ఫొటో తీసుకున్నాడు. ఆ అరగంటకే మహానుభావుడు కవిత రాసి పేపర్లో వేయించాడు. ‘ఈ వేసవిలోనే ఆమె అడవి పచ్చని మేనికి తొలి నిప్పు పెట్టింది’ అని అందులో ఉంది.

తొలి నిప్పు ఎక్కడిది? కోయవాళ్ళు కొన్నేళ్ళు పండించిన పోడుని కొన్నేళ్ళు దున్నకుండా పడావు పెడతారు. ఈలోగా మోడులు చిగిర్చి తుప్ప పెరుగుతుంది. దాన్ని కొట్టి, కాల్చి, మళ్ళీ జొన్న చల్లుతారు. జంపక్క మామ కాలం నుంచీ అదే వరస. ఆ తుప్పే సారు కళ్ళకి మహారణ్యమైంది.

ఇప్పుడు పోడుకి పట్టాలిస్తున్నారు, 2005 డిసెంబరుకి ముందునుంచీ దున్నుకుంటున్నవాళ్ళకే. విచారణకొచ్చిన ఆఫీసరు ఆ పేపరు ముక్క చూపించి, 2007లో తొలి నిప్పంటే కొత్త పోడేనని జంపక్క దరఖాస్తు పక్కన పెట్టాడు. ఊరి పెద్దలు ఎంత చెప్పినా వినలేదు. రాసినాయనే తప్పని రాసిస్తే సోమవారం చూస్తానన్నాడు. లేకపోతే నాలుగెకరాలూ పోయినట్టే. అందుకే తెల్లారి బస్సెక్కి వచ్చింది.

“తప్పని ఒక్క ముక్క రాయి సారూ.”

“కవితలో తప్పొప్పులుండవు జంపక్కా. నీ తరఫునే రాశాను. చదివిన వాళ్ళంతా కన్నీళ్ళు పెట్టుకున్నారు, తెలుసా?”

“ఏడ్చినోళ్ళు నా చేను నాకిప్పిస్తరా?”

సారు నొచ్చుకున్నాడు. “సరే, ఇంకో కవిత రాస్తాను. ఆ ఆఫీసరు సిగ్గుతో చావాలి.”

“వద్దు సారూ, నీ కాళ్ళు మొక్కుత. కవిత వద్దు. గా చేను పాతదే, నాకు తెల్వక గట్ల రాసిన అని తెల్లకాయితం మీద రాయి. చాలు.”

‘తెల్వక’ అనేసరికి సారు మొహం మాడిపోయింది. కలం తీసినవాడు మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

“అది పాత చేనని నేను చూశానా? చూడనిదాన్ని సంతకం పెట్టి ఎలా రాసిస్తాను? రేపు ఎవరైనా నిలదీస్తే?”

“కొత్త చేనని చూసినవా?”

సారు గోడ మీది ఫొటో వైపు చూశాడు.

“చూడలే. మరి దాని కింద నీ పేరెట్ల పెట్టుకున్నవ్?”

“ఇంక వెళ్ళు,” అన్నాడు సారు, తలుపు వైపు నడుస్తూ. ఆ ముఖాన ఉమ్మాలనిపించింది జంపక్కకి. ఉమ్మలేదు. ఇంకా సోమవారం ఉందని ఆశ.

సోమవారం ఆఫీసరు అడిగాడు. “ఏమమ్మా, రాసిచ్చిండా?”

“రాయనన్నడు.”

ఆఫీసరు పేపరు ముక్క తీసి మొదటినుంచీ మళ్ళీ చదువుకున్నాడు. జంపక్క చేతులు కట్టుకుని నిలబడింది.

“ఎంత మంచిగ రాసిండమ్మా! సదువుతుంటే నువ్వు నిప్పు పెట్టేది కండ్ల ముందల కనపడ్తది,” అన్నాడు. దరఖాస్తు మీద అడ్డంగా గీత కొట్టాడు.