టీ చల్లారేలోగా చేతిలెక్క

నేను ఒక స్లైడ్ రూల్‌ని. వెదురు ఒళ్లు, తెల్ల పూత, దాని మీద చీమతలకాయలంత అంకెలు. నడుమ పుల్లను ఇటు జరిపితే గుణకారం, అటు జరిపితే భాగహారం. జారడం నా వృత్తి. దిగజారడం నా చరిత్రలో లేదు.

మొదట ఓడల నమూనాలు గీసే ఒకాయన దగ్గర పడ్డాను. ఆయన నాతో వేసిన లెక్కల కంటే గోక్కున్న వీపే ఎక్కువ. రిటైరవుతూ నన్ను శిష్యుడు కూర్మనాథం గారికిచ్చారు. విశాఖలో ఆయనదొక డిజైను ఆఫీసు. కంప్యూటర్లొచ్చాక నన్ను అందరూ లెక్కచేయడం మానేశారు, నాతో లెక్క చేయడం ఆయనొక్కరే మానలేదు. కంప్యూటరు ఏం చెప్పినా సరే, టీ చల్లారేలోగా ఒక్క కాగితం మీద చేతిలెక్క వేసి జతచేస్తేనే ఆయన సంతకం.

ఆ రోజు ఆఫీసులో కొత్తగా చేరిన ఇంజినీరు నీలవేణి మొదటి సొంత డిజైను. ఒక ఫ్యాక్టరీ క్యాంటీను మీద నీళ్ల ట్యాంకులు మోసే ఉక్కు చట్రం: రెండు స్తంభాలు, పైన బలమైన దూలం. కింద రెండొందల మంది భోంచేస్తారు. డ్రాయింగు మూడింటికల్లా ఫ్యాక్టరీకి వెళ్లాలి.

"ఆరు పాయింటు నాలుగు రెట్లు బరువేస్తే గాని స్తంభాలు వంగవు సార్. మూడు రెట్లుంటే చాలు కదా."

"చేతిలెక్కేదమ్మా?"

"కంప్యూటరు చెప్పాక అదెందుకు సార్, దిష్టికా?"

"దిష్టికే అనుకో. స్తంభం నిండు ఎత్తు తీసుకుని వెయ్యి."

నన్ను జరిపింది. ఒకటి పాయింటు ఆరు. కావలసిన మూడుకి సగమంత.

"మీ కర్రకి చెదలు పట్టాయి సార్."

మళ్లీ జరిపింది. ఒకటి పాయింటు ఆరే. మూడో అంకె దగ్గర నేను నసుగుతాను గాని, రెండో అంకె దాకా నాది ఒకే మాట.

"సరిగ్గా నాలుగో వంతు," అన్నారాయన. "వంగే తీరులోనే ఏదో తేడా ఉంది. బొమ్మ ఎలా గీశావు?"

"సగమే గీశాను సార్. రెండో సగం దానికి అద్దంలో నీడే కదా, టైము కలిసొస్తుందని."

కూర్మనాథం గారు రెండు పెన్సిళ్లు నిలబెట్టి, పైన పుస్తకం పెట్టి, వేలితో తోశారు. రెండూ ఒకే పక్కకి ఒరిగాయి.

"నీ అద్దంలో ఒకటి కుడికి ఒరిగితే రెండోది ఎడమకే ఒరగాలి. మధ్యలో దూలం ఒప్పుకోదు, అందుకే అంత బలం కనిపించింది. క్యాంటీనులో అద్దం ఉండదమ్మా."

నీలవేణి సగం బొమ్మ చెరిపేసింది. చట్రం మొత్తం గీసి మళ్లీ అడిగితే, కంప్యూటరు కూడా బుద్ధిగా ఒకటి పాయింటు ఆరు అంది. పాపం, దాని తప్పేముంది, అడిగినదానికే జవాబు చెప్పింది. అప్పుడా పిల్ల ఫోనందుకుంది. "ఆలస్యం నా వల్లేనండి. నా లెక్క తప్పింది. రేపు పంపుతాను." చాలామంది చేతుల్ని చూశాను గాని, ఇంత నిటారు మనిషిని చూడలేదు.

పక్కకి ఒరగకుండా స్తంభాల మధ్య ఏటవాలు ఉక్కు పట్టీలు పడ్డాయి. ట్యాంకులు ఇప్పటికీ నిలబడే ఉన్నాయి, కింద సాంబారు వడ్డిస్తూనే ఉన్నారు.

కూర్మనాథం గారు రిటైరయ్యాక నన్ను ఆఫీసు గుమ్మంలో గాజుపెట్టెలో పెట్టారు. 'పాతకాలపు పరికరం' అని చీటీ కూడా అంటించారు. చూడ్డానికొచ్చినవాళ్లు పెట్టెకు తాళం లేదేమని అడుగుతుంటారు.

"టీ వచ్చే వేళయింది, పక్కకి జరగండి," అంటుంది నీలవేణి, పెట్టె తలుపు తీస్తూ.