కరివేపాకుకి వెళ్ళిన నాన్న

బస్టాండులో బస్సులు లేవు, బల్లలు మాత్రం ఉన్నాయి, ఆ బల్లల్లో ఒకదాని మీద నాన్న కూర్చుని ఉన్నాడు, చుట్టూ సంచులు. ఆయన పోయి మూడేళ్ళయిందన్న సంగతి హైమావతికి గుర్తుంది గానీ, ఇప్పుడు ఎత్తాల్సినంత పెద్ద విషయంగా తోచదు. బస్టాండులో కనిపించిన మనిషిని ముందు ఏ బస్సని కదా అడుగుతాం.

"ఏ బస్సు నాన్నా?"

"బస్సా? నువ్వు నన్ను ఇంటికి రానిస్తే కదా!" అంటూ ఆయన సంచులు ఒక్కొక్కటే ఆమె వైపు తోస్తాడు. "ఇదిగో కరివేపాకు. ఇవి ఇస్త్రీ బట్టలు. ఇది గోడగడియారం, బాగుచేయించమన్నావు. ఇక క్షవరానికి పంపిన పంపడం పంపడమే, నెత్తిన ఏమైనా మిగిలిందేమో చూడు. బతికున్నన్నాళ్ళూ వీధి చివరికెళ్ళి నాలుగు పచ్చిమిరపకాయలు తెచ్చి ఎరగను, పోయాక ఈ తిప్పటేమిటే అమ్మడూ? అదీ మిట్టమధ్యాహ్నం. గొడుగన్నా ఇవ్వకుండా."

"నన్నేం చెయ్యమంటావు? అమ్మ కాఫీ తాగుతూ ఒకసారి, తాగిన గ్లాసు కింద పెట్టి ఒకసారి 'మీ నాన్నగారేరే' అంటుంది. ఎక్కడికో ఒకచోటికి పంపాలి కదా."

ఆయన ఆలోచించి, అది నిజమే అన్నట్టు తలూపుతాడు. అమ్మ మాణిక్యాంబకి మతి జారిపోవడం ఆయనుండగానే మొదలైంది. ఆయన పోయాక హైమావతి ఆ మాట అమ్మకి చెప్పింది, అమ్మ ఏడ్చింది, మర్నాటికి మరిచిపోయి మళ్ళీ అడిగింది, మళ్ళీ చెప్తే మళ్ళీ అప్పుడే విన్నట్టు గోడకి తల ఆన్చి ఏడ్చింది. మూడోసారి తరవాత హైమావతి చెప్పడం మానేసి ఆయన్ని కరివేపాకుకి పంపింది.

"అమ్మకి నిజం చెప్పాలంటావా?" అని ఇప్పుడు అడుగుతుంది.

"చెప్పావుగా. మూడుసార్లు. నేను పోయింది ఒక్కసారి, ఆవిణ్ణి మూడుసార్లు విధవని చేశావు. ఇంక చాల్లే."

ఈ మాటల మధ్యలో బస్టాండు నేల ఎప్పుడు మారిందో, కాళ్ళ కింద హైమావతి ఇంటి బాల్కనీ గచ్చు, కింది వాటావాళ్ళు చప్పుడని గోల చెయ్యకుండా పరిచిన గోనెసంచి, దాని మీద అరువు తెచ్చిన రోలు ఉన్నాయి, నాన్న కూర్చున్న బల్ల మాత్రం బస్టాండు బల్లే. రేపు పొద్దున పసుపు దంచాలి. హైమావతి కూతురు స్ఫూర్తి పెళ్ళిపనులకి అదే మొదలు. రోకలికి పసుపు రాసి, బొట్లు పెట్టి, తోరం కట్టి సిద్ధంగా ఉంచారు. ఆ రోకలి పట్టుకునేవాళ్ళలో అమ్మ ఉండకూడదని నిన్న అత్తయ్య తేల్చేసింది.

"మీ అక్కయ్యే నాన్నా. 'మా మరదలికి తెలియకపోతే పోయె, మనకి తెలీదుటే? ముత్తైదువలు దంచాల్సిన పసుపు' అంది. అమ్మ పక్కనే ఉంది. ఆ రోకలిని తడిమి తడిమి చూస్తోంది."

"ఆ వీధిలో ఎవరింట పెళ్ళయినా మొదటి పోటు మీ అమ్మదే. ఒక్క పసుపు పలుకు రోలు బయట పడేది కాదు," అంటాడు నాన్న, గర్వంగా, తానే దంచినట్టు. తరవాత ఆయనకి కోపం వస్తుంది. "అయినా ఆవిడ ముత్తైదువ కాదనడానికి కారణమెవరు? నేను. పోయింది నేను. అభ్యంతరమంటూ ఉంటే నాకుండాలి. మధ్యలో మా అక్కకేం పని?"

"ఈ మాట అత్తయ్య ముందు అనగలవా?"

"బతికుండగానే అనలేదు, ఇప్పుడేమంటాను? నువ్వను."

హైమావతికి నవ్వొస్తుంది, నవ్వుతూనే లోపల అట్టడుగున ఉన్న మాట పైకొస్తుంది. "దంచినా ఏం లాభం నాన్నా, సాయంత్రానికి మరిచిపోతుంది. పెళ్ళి సంగతి నేను రోజూ చెప్తున్నాను. రోజూ ఎవరి పెళ్ళంటుంది, రోజూ 'అబ్బాయి భోజనం బాగా చేస్తాడా' అని అడుగుతుంది."

"నువ్వెన్నిసార్లు సంతోషించావు ఈ పెళ్ళికి?"

"సంబంధం ఖాయమైన రోజున. తరవాత హాలు, వంటవాళ్ళు, చీరలు... ఇంకెక్కడి సంతోషం."

"ఆవిడ రోజూ సంతోషిస్తోంది. ఒక్క పెళ్ళికి అంత సంతోషించేవాళ్ళు ఈ ఇంట్లో ఇంకెవరున్నారే? నా సంగతి చెప్పకు. ఇది మాత్రం అడిగినప్పుడల్లా చెప్పు."

ఇంతలో బాల్కనీ పక్కకే బస్సొచ్చి ఆగుతుంది, మూడో అంతస్తుకి బస్సెలా వచ్చిందని ఎవరూ అడగరు, దాని ముందు ఊరి పేరుండాల్సిన చోట స్ఫూర్తి శుభలేఖ అతికించి ఉంది. నాన్న ఖాళీ సంచి ఒకటి చంకలో పెట్టుకుని ఎక్కుతాడు. "ఈసారి నన్ను పసుపుకొమ్ములకి పంపు. ఒక్కసారన్నా మంచి పనికి వెళ్తాను," అని, బస్సు కదిలాక కిటికీలోంచి తల బయటపెట్టి అరుస్తాడు, "గొడుగే, అమ్మడూ, గొడుగు!"

హైమావతి కళ్ళు తెరిచేసరికి హాల్లో చాప మీద ఉంది, బుగ్గకి పెళ్ళిచీర అట్టపెట్టె అంచు గుచ్చుకుపోయి ఉంది. మధ్యాహ్నం ఎండ గడప దాటి లోపలికొచ్చింది. అత్తయ్య దివాను మీద పడుకుని, నిద్ర నటిస్తోంది. అమ్మ వీధి గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంది.

"మీ నాన్నగారేరే?"

"పసుపుకొమ్ములకి వెళ్ళారమ్మా," అంది హైమావతి, దివాను దాకా బాగా వినపడేలా. "రేపు దంచుతున్నాం. మొదటి పోటు నువ్వే వెయ్యాలిట. ఆయనే చెప్పి వెళ్ళారు."

దివాను మీద దగ్గు ఒకటి బయల్దేరి, మధ్యలోనే ఆగిపోయింది.

"ఎవరి పెళ్ళే?"

"మన స్ఫూర్తిది."

అమ్మ మొహం అప్పుడే విన్నట్టు విప్పారింది. "ఓసి నీ ఇల్లు బంగారంగానూ! అబ్బాయి భోజనం బాగా చేస్తాడా?"

"శుభ్రంగా చేస్తాడు," అంటూ దగ్గరికెళ్ళిన హైమావతి అప్పుడు చూసింది. అమ్మ ఒళ్ళో నాన్న నల్లగొడుగు ఉంది. ఏ బీరువా మీంచి తీసిందో, బూజు సగం దులిపి ఉంది.

"ఇంత ఎండలో వట్టి తలతో వెళ్ళారు మనిషి," అంది అమ్మ, మిగతా సగం పమిటచెంగుతో తుడుస్తూ.