నీటి బరువు

నేను ఒక బస్తాల కాటాను. కార్ఖానా గడప దాటేనాటికి నా ఆస్తి ఒక ఇనప బల్ల, ఒక ఇత్తడి దండె, కొన్ని తూనికరాళ్ళు. మొదట అనకాపల్లిలో బెల్లం తూచాను. ఆ యజమాని వ్యాపారం ఎత్తేశాక గుంటూరులో పాండురంగయ్యగారి మిరపకాయల కొట్టుకు చేరాను. నన్ను నమ్ముతామంటూనే దండె మీదికి వంగి చూస్తారు మనుషులు. ఆ చిత్రం రెండు ఊళ్ళలోనూ ఒకటే.

కొట్టు తెరవగానే పాండురంగయ్యగారు నా మీద నిలబడేవారు. ఏళ్ళ తరబడి బక్కగా ఉన్న మనిషి ఆ వేసవిలో వారం వారం బరువెక్కారు.

"షావుకారుగారికి ఒళ్ళొచ్చిందయ్యో! ఇంక బస్తాలతోపాటు తమరినీ మొయ్యాల్సిందే," అన్నాడు హమాలీ మస్తాన్. ఆయన మురిసిపోయారు. నేనూ మురిశాను. బరువు పెరిగితే లాభమన్నదొక్కటే నాకు తెలిసిన లెక్క.

ఒక మధ్యాహ్నం ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారు తానే క్యారేజీ పట్టుకుని వచ్చారు.

"నిన్నటి అన్నం అట్టాగే తిరిగొచ్చిందండీ. తిండి సయించదు. పొద్దున లేస్తే కళ్ళకింద ఉబ్బు. ఒంటేలుకు పోతే నురగంటారు. తినకుండా బరువెట్టా పెరుగుద్ది?"

"దిష్టి పెట్టకే!"

అప్పుడే ఒక రైతు బస్తాను నా మీదికి ఎక్కించారు. పాండురంగయ్యగారు గుప్పెడు కాయలు తీసి నొక్కారు. గలగలమనాల్సినవి అణిగి అలాగే ఉండిపోయాయి.

"నీళ్ళు చల్లావు కదయ్యా. ఇది కాయ బరువా?"

"మరి మీదేం బరువండీ?" అన్నారావిడ, మెల్లగా.

ఆయన బస్తా దింపించి, నా బల్ల మీదే కూర్చుని పంచె పైకి లాగారు. బొటనవేలితో ముంగాలిని నొక్కి వదిలారు. పడిన గుంట పూడలేదు. సరుకు చూసిన చూపుతోనే కాసేపు దాన్ని చూశారు.

"రాజ్యం, డాక్టరు దగ్గరికి పోదాం పద."

మూత్రపిండాలు సగానికి పైగా దెబ్బతిన్నాయట. బాగానే ఉన్నానని బీపీ మాత్రలు మానేసి ఏడాదైందట. "పోయింది తిరిగి రాదు. ఉన్నదాన్ని నిలబెడదాం. ఇంకా ఆలస్యమైతే అదీ ఉండేది కాదు," అన్నాడట డాక్టరు. మాత్రలు మళ్ళీ మొదలయ్యాయి. క్యారేజీలో ఉప్పు తగ్గింది. మిరపకాయల షావుకారు చప్పిడి కూర తింటుంటే మస్తాన్ అటు తిరిగి కూర్చునేవాడు.

నెల తర్వాత ఆవిడ ఆయన చేయి పట్టుకుని నా మీద నిలబెట్టారు. వెనకటి బరువుకు పెట్టిన రాళ్ళకు ఆయన చాలక దండె కిందికి వాలింది. ఆవిడ పైటచెంగు కళ్ళకద్దుకుని నవ్వారు.

ఇప్పుడు కొట్లో కరెంటు కాటా ఉంది. నేను గోడౌన్ మూలన ఉన్నాను. లెక్క చూసుకుంటే, తరుగు వచ్చినందుకు సంబరపడిన తూకం నా జన్మలో అదొక్కటే. నీరంతా పోగా మనిషి మిగిలాడు.