నిప్పు కప్పిన మాట

నిఘంటువు కార్యాలయంలో ఆమె పని రోజుకు పన్నెండు కార్డులు. వంటింట్లోంచి ఇంగ్లీషులోకి ఎక్కిన మాటలకు మూలం, అర్థం రాయాలి. అయిదున్నర కాగానే పక్క బల్ల ఆవిడ గుర్తుచేస్తుంది. "మీ నాన్నగారొచ్చే వేళయింది, ఇక లే తల్లీ."

తండ్రి పోయి తొమ్మిదేళ్లు. ఊళ్లో కర్ఫ్యూ పెట్టిన రోజుల్లో ఓ సాయంత్రం గుండెనొప్పితో పోయాడు. అప్పటినుంచీ రోజూ ఆరింటికి వచ్చి వీధి తలుపుకి గడియ పెడతాడు. తెల్లారేదాకా అది ఎవరు లాగినా రాదు. కర్ఫ్యూ ఎత్తేశారు నాన్నా అని పేపరు చూపిస్తే, "పేపర్లకేం, ఏమైనా రాస్తాయి" అంటాడు. బతికున్నన్నాళ్లూ ఆ కార్యాలయంలోనే పనిచేసిన మనిషి, నిఘంటువు మీద తప్ప దేనిమీదా గురి లేదు. పాలవాడు, ఇంటి యజమాని, చుట్టాలు అందరూ ఆయన వేళలకి సర్దుకుపోయారు. అల్లుడు కావలసినవాడు మాత్రం సర్దుకోలేక తప్పుకున్నాడు.

ఆ రోజు ఆమె రాసిన ఆఖరి కార్డు కర్ఫ్యూ. రెండు కార్డులు కొట్టేసి మూడోదాని మీద రాసింది.

ఆరున్నరకి అమ్మ కూరలు తరుగుతూ గుండె పట్టుకుని కూలబడింది. ఒళ్లంతా చెమటలు. ఫోన్ చేస్తే పది నిమిషాల్లో అంబులెన్స్ వచ్చింది. బయట వాళ్లు తలుపు బాదుతున్నారు. లోపల గడియకి వీపు ఆనించి తండ్రి.

"జరుగు నాన్నా. అమ్మకీ నీకొచ్చిందే వచ్చింది."

"బయటికెళ్తే కాలుస్తారమ్మా."

ఆమె కార్డు అప్పజెప్పినట్టు చెప్పింది. "కర్ఫ్యూ. పొయ్యి దగ్గర పుట్టిన మాట. పాత ఫ్రెంచిలో నిప్పు కప్పమని. సాయంత్రం గంట కొడితే, ఊరు తగలబడకుండా ఇంటింటా పొయ్యి కప్పేయాలి. అందులో తలుపు ఊసే లేదు."

"ఎక్కడ చూశావ్?"

"మూడు నిఘంటువుల్లో."

ఆయన వంటింట్లోకి వెళ్లి స్టవ్ కట్టేసి, గిన్నె మీద మూత సరిచేసి వచ్చాడు. గడియ మీద చెయ్యి వేశాడు. తియ్యలేదు.

"నేను పోయిన రోజు కూడా ఆ మాటకర్థం ఇంతేనా?" అని అడిగాడు.

ఆ రోజు డాక్టరుగారి ఇల్లు వీధి చివరే. వెళ్తానన్న తల్లిని ఈ తలుపుకే అడ్డంపడి ఆపింది తనే. తొమ్మిదేళ్లుగా ఇంట్లో ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు.

"ఇంతే నాన్నా. నాకు భయమేసింది."

తండ్రి గడియ తీసి పక్కకి జరిగాడు. "పరిగెత్తమ్మా," అన్నాడు.

అమ్మ బతికి నాలుగో రోజు ఇంటికొచ్చింది. ఆరయింది, ఏడయింది, గడియ పెట్టే మనిషి రాలేదు. అప్పుడు, తొమ్మిదేళ్లకి, తండ్రి పోయాడని ఆమె ఏడ్చింది.