శనివారం ట్యూషన్

ప్రతి శనివారం పదింటికి మిస్ లిమ్ వస్తుంది. సింగపూర్ జురాంగ్ వెస్ట్‌లో ప్రభావతి ఉండే బ్లాకులో తెలుగువాళ్లందరి లెక్కలో ఆవిడ ప్రభావతి కూతురు ప్రణవికి లెక్కలు చెప్పే ట్యూషన్ టీచరు. అలా అని చాటింది ప్రభావతే. నిజానికి, లేని మాటలు చెవిన పడుతున్న పద్దెనిమిదేళ్ల పిల్లని మళ్లీ చదువులోకి, స్నేహితుల్లోకి, మామూలు ఆకలి నిద్రల్లోకి తీసుకురావడం మిస్ లిమ్ ఉద్యోగం. డాక్టరిచ్చిన మందులు ఒకవైపు, ఈవిడ ఒకవైపు. కానీ ఆ మాట బయటికి చెబుతారా ఎవరైనా? పరువుగల కుటుంబమాయె.

జబ్బు మొదలైన కొత్తలో ప్రణవి ల్యాప్‌టాప్ కెమెరాకీ, టీవీకీ, చివరికి మైక్రోవేవ్‌కీ తల్లి బొట్టుబిళ్లలు అంటించింది, వాటిలోంచి ఎవరో తనని చూస్తున్నారని. సింగపూర్‌లో పుట్టిన పిల్లకి ఇన్నాళ్లకి మన సంప్రదాయం వంటబట్టిందని ప్రభావతి మురిసిపోయి, ఫొటో తీసి బంధువులందరికీ పంపింది. ముప్పై ఆరు దండాల ఎమోజీలు వచ్చాయి. పిల్ల స్నానం మానేస్తే పరీక్షల ఒత్తిడి అనుకున్నారు. గదిలో ఒక్కతే నవ్వుకుంటుంటే, వాస్తు పండితుడు వీడియోకాల్‌లో చూసి మంచం తూర్పుకి తిప్పమన్నాడు. ఆ గదిలో మంచం తూర్పుకి తిరిగితే తలుపు తెరుచుకోదు. అయినా తిప్పారు. బ్యాంకులో ప్రాజెక్టులు నడిపే తండ్రి జగన్మోహనరావు ఎక్సెల్ షీటు తెరిచి, రిస్కులు అన్న చోట ఒక్క మాట రాసి మూసేశాడు: పెళ్లి.

ఇలా ఏడు నెలలు గడిపారు. చివరికి పాలిటెక్నిక్‌లో కౌన్సెలర్ పట్టుబట్టి ఆసుపత్రికి పంపింది. అంతా విని డాక్టరు తిట్టలేదు. మొదటి నెలల్లోనే వచ్చి ఉంటే పిల్ల ఇంత కష్టపడేది కాదేమో అన్నాడు, అంతే. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది ప్రభావతికి.

ఇప్పుడు ప్రణవి తేరుకుంటోంది. అందరితో కూర్చుని తింటోంది, కాలేజీకి వెళ్తోంది. ట్యూషన్ మహిమ బ్లాకంతా పాకింది. ఒక శనివారం మిస్ లిమ్ వెళ్లిన పావుగంటకి కింది అంతస్తు రాధ వచ్చింది.

"వదినా, మీ టీచర్ని మా లోహిత్‌కి కూడా మాట్లాడి పెట్టవా? వాడికి కాన్సంట్రేషన్ బొత్తిగా పోయింది. రెణ్ణెల్లనించీ కిటికీలన్నిటికీ పేపర్లంటించుకుని కూచుంటున్నాడు. ఎదురు బ్లాకువాళ్లు వీడి గురించే మాట్లాడుకుంటున్నారంట. చిన్నప్పట్నించీ డిస్టర్బెన్స్ పడదులే వాడికి."

ప్రభావతి చప్పున పోల్చుకుంది, తమ ఇంట్లోనూ ఇలాగే మొదలైంది. రెండు నెలలే అయింది. ఇప్పుడు నోరు విప్పితే ఆ పిల్లాడికి దారి దొరుకుతుంది. విప్పితే ప్రణవి సంగతి సాయంత్రానికల్లా అక్కడెక్కడో ఉన్న బిషాన్ దాకా పోతుంది.

"బ్యాచ్ ఫుల్ అయిపోయింది రాధా," అంది. అనగానే తన మీద తనకే అసహ్యం వేసింది.

రాధ లేచి గుమ్మం బయట చెప్పుల్లో కాళ్లు పెట్టింది. అటు తిరిగే మెల్లిగా అంది.

"వాడు నా చేతి అన్నం తినట్లేదు వదినా. విషం కలుపుతున్నానంట. లెక్కలంటే భయం ఇంత పని చేస్తుందంటావా?"

గదిలోంచి ప్రణవి బయటికి వచ్చింది. అంతా విన్నట్టే ఉంది. "అమ్మా, జస్ట్ టెల్ హర్ లా," అంది సింగపూర్ యాసలో.

ప్రభావతి కూతురి మొహం చూసింది. ఒక్క అంగలో కారిడార్‌లోకి వచ్చి రాధ చెయ్యి పట్టుకుంది.

"అది లెక్కల భయం కాదే! ఆవిడ ట్యూషన్ టీచరూ కాదు. ఆసుపత్రి నించి వస్తుంది. మా ప్రణవికి మనసుకి జబ్బు చేసింది. మీవాడికీ అదేమో, చూపించాలి."

రాధ చెయ్యి విడిపించుకుంది. "మావాడికి పిచ్చంటావా?"

"పిచ్చి కాదు ఆంటీ. సిక్ లా. ఐ వాజ్ సిక్. మందులు వేసుకుంటున్నా, నౌ గెటింగ్ బెటర్."

రాధ ప్రణవిని ఎగాదిగా చూసింది. ఈ పిల్ల బాగుపడిందనే కదా తను పరుగెత్తుకొచ్చింది. పక్కనున్న చెప్పుల స్టాండు మీద కూలబడిపోయింది.

"నాకు ఏడుపొచ్చేస్తుంది, మాట్లాడలేను. నువ్వే ఫోన్ చెయ్యి వదినా."

ఇన్నాళ్లూ ప్రభావతి ఆసుపత్రి నంబరుకి బాత్రూములో కొళాయి తిప్పుకుని మరీ ఫోన్ చేసేది. ఇవాళ కారిడార్‌లో నిలబడి, పక్కింటి తలుపు తెరుచుకుంటున్నా గొంతు తగ్గించకుండా చెప్పింది.

"నేను ప్రణవి అమ్మని. ఇక్కడ ఇంకో పిల్లాడున్నాడు. ఎంత తొందరగా చూడగలరు?"