మెలిపడ్డ కుట్లు

ఊలు కొట్టావిడ నేను తెచ్చిన స్వెట్టర్ వీపు ముక్కని గుమ్మం వెలుతురులోకి ఎత్తి పట్టుకుని, "నీ చెయ్యి నీకొచ్చేసిందక్కా!" అంది. పిల్లల స్వెట్టర్ల పని మళ్ళీ నాకే ఇస్తానంది. నేను పొంగిపోవాలి. పొంగిపోయేదాన్నే, ఆ వెలుతురులో నాకు ఆ కుట్లు కనబడకపోయి ఉంటే.

నడుం దగ్గరి వరసలు నావే, ఒళ్ళు బాగున్నప్పటివి. పైకి పోయేకొద్దీ అక్కడో వరసా ఇక్కడో వరసా కుట్లన్నీ మెడ పట్టేసినట్టు పక్కకి తిరిగి ఉన్నాయి. ఊలుని సూది మీద ఎదురు చుట్టు చుడితేనే కుట్టు అలా మెలిపడుతుంది. నా జన్మలో నేనలా చుట్టలేదు. అలా చుట్టేది ఈ భూమ్మీద ఒక్కతే, నా కూతురు. చిన్నప్పటి నుంచీ చెప్పీ చెప్పీ నాకు నోరు నొప్పి పుట్టింది గానీ దాని చెయ్యి మాత్రం దారికి రాలేదు.

"ఇది నాది కాదు," అన్నాను.

"అదేంటక్కా, నువ్వే కదా తెచ్చావు?"

"తెచ్చింది నేనే. అల్లింది నేను కాదు."

ముక్క లాక్కుని సంచిలో కుక్కుకుని బయటపడ్డాను. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

చలికాలం మొదట్లో పక్షవాతం వచ్చి నా కుడిచెయ్యి పడిపోయింది. డాక్టర్ ఒక్కటే చెప్పాడు. "ఈ మొదటి నెలలే ముఖ్యమమ్మా. ఇప్పుడు ఎంతొస్తే అంతే. బంతి పిసుకుతూ ఉండండి, మీ అల్లిక మీరు అల్లుతూ ఉండండి." రబ్బరు బంతి పిసికీ పిసికీ ఏడ్చాను. నేను అల్లినదానికన్నా చేపల వల నయం. తర్వాత ఉన్నట్టుండి వరసలు చక్కబడ్డాయి. అల్లుతున్నప్పుడు కుట్లు జారినట్టే ఉండేది. మధ్యాహ్నం మందు మత్తులో కునుకు తీసి లేచి తడిమి చూసుకుంటే ఒక్క చిల్లూ తగిలేది కాదు. ముదురు నీలం ఊలు, చత్వారం కళ్ళు, ఇంకేం కనిపిస్తుంది? అంతా నా భయమే అనుకున్నాను. చెయ్యి వచ్చేసిందన్న సంబరంలో ఆ బంతిని మంచం కిందకి తన్నేశాను. మళ్ళీ దాని మొహం చూడలేదు.

అరికాలి మంట నెత్తికెక్కి ఇంటికొచ్చాను. కూతురు బట్టలు మడత పెడుతోంది. మా ఆయన కిటికీ పక్కన బల్ల దగ్గర, కంటికి భూతద్దం తగిలించుకుని ఎవరిదో గడియారం విప్పుకుని కూర్చున్నారు. ఆయన పనే అది. సంచిలోని ముక్క తీసి కూతురి ఒళ్ళోకి విసిరాను.

"ఎన్నాళ్ళ నుంచే ఈ దొంగపని?"

"ఏంటమ్మా?"

"ఏంటమ్మానా! నేను పడుకోగానే నా అల్లిక విప్పి మళ్ళీ అల్లుతున్నావా లేదా? ఆ మెలికలు నీవి కాక పక్కింటావిడవా?"

అది ముక్కని అటూ ఇటూ తిప్పి చూసింది. "మెలికలు నావేనమ్మా. చెయ్యి నాది కాదు. మధ్యాహ్నాలు నేను ఆఫీసులో కదా ఉంటాను."

"మరి పిల్లి వచ్చి అల్లిందా?"

బల్ల మీద నుంచి పట్టకారు టక్కున కిందపడింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఆయన రెండు చేతులూ బల్ల కిందకి దాచేసుకున్నారు.

"మీరా!"

ఇన్నేళ్ళ కాపురంలో ఊలు ఉండ కాళ్ళ దగ్గరికి దొర్లుకొస్తే కాలితో పక్కకి నెట్టిన మనిషి!

"నాన్నే నేర్పమన్నారు. నాకొచ్చినట్టు నేర్పాను," అంది కూతురు.

"నీకొచ్చి చచ్చిందెప్పుడే నేర్పడానికి!"

ఆయన భూతద్దం తీశారు. "ఆ చిల్లులు చూసుకుని నువ్వు ఏడుస్తుంటే చూడలేకపోయానే. పాడైనది ఎదురుగా ఉంటే నా చెయ్యి ఊరుకోదు."

"నేను మీ గడియారాన్నా? మూత తీసి, ముల్లు సర్ది, మళ్ళీ మూసేయడానికి?"

"నీ మంచికే కదా..."

"ఏం మంచి! చెయ్యి వచ్చేసిందనుకుని నేను బంతి మానేశాను. మానేశానని మీకు తెలుసు. రోజూ చూస్తూనే ఉన్నారు. డాక్టర్ ముఖ్యమన్న నెలలు అవే కదండీ! ఏ ముల్లు వెనక్కి తిప్పి తెస్తారు వాటిని?"

 ఆయన భూతద్దాన్ని వేళ్ళ మధ్య తిప్పుతూ గొణిగారు. "బంతెందుకు మానేశావని అడిగితే... దొరికిపోతానని..."

అదీ సంగతి! నా చెయ్యి ఏ గంగలో కలిసినా ఫరవాలేదు, ఈయన దొంగతనం మాత్రం బయటపడకూడదు. ఒళ్ళు మండిపోయింది. కూతురి దగ్గర్నుంచి ముక్క లాక్కుని, చివరి ముడి కత్తిరించి ఊలు పట్టుకు లాగాను. కుడిచేతికి పట్టు చిక్కలేదు. ఎడమచేత్తో లాగాను. ఆయన వరసలూ నా వరసలూ కలిసే ఊడొచ్చాయి.

"మంచం కింద బంతి ఉంది, తియ్యండి."

పాపం పెద్దమనిషి పాకుతూ దూరి, నెత్తిన బూజుతో బయటికొచ్చారు. కూతురు పెదవి కొరుక్కుంది. "నవ్వావంటే నీ పని చెప్తా," అన్నాను. ఆయన బంతిని చొక్కాకి తుడిచి నా కుడిచేతిలో పెట్టారు.

పిసికాను. శాయశక్తులా పిసికాను. బంతికి నొక్కు కూడా పడలేదు.

బంతి పక్కన పెట్టి సూదులు అందుకున్నాను. ఎడమచేత్తో కుట్లు ఎక్కించి, కుడిచేత్తో అల్లడం మొదలుపెట్టాను. నాలుగు కుట్లు కూడా కాకుండానే ఒకటి జారింది. ఆయన మొహం గోడ వైపు తిప్పుకున్నారు.

"ఇటు తిరగండి," అన్నాను. "చూడలేకపోయానన్నారుగా. చూడండి."

ఆయన తిరిగారు. ఆయన చూస్తూండగానే దాని పక్క కుట్టు కూడా జారింది.