సలోమి టీచర్ నడుముకి కట్టుకున్న గొంతు

నేను ఒక మైకుని. అరవడమే నా బతుకు, మెల్లగా చెప్పడం నాకు చేతకాదు. అందుకని ముందే అనేస్తున్నా: సలోమి టీచర్ గొంతు మింగింది మీరే. రెండు సెక్షన్లని ఒకే గదిలో కుక్కి ఒక టీచర్ జీతం మిగుల్చుకున్న కరస్పాండెంట్ ధర్మారావు గారూ, మొదటి పేరు మీదే. ఫీజు కట్టేశాం కదా అని ఆ గదిలోకి ఒక్కసారైనా తొంగిచూడని తల్లిదండ్రులూ, తర్వాత మీరు. టీచర్స్ డే నాడు శాలువా కప్పి ఫోటోకి పళ్ళికిలించిన పెద్దమనుషులూ, మీరూ తక్కువేం తినలేదు.

నన్నెక్కడ తయారుచేశారో నాకు తెలీదు. ఊహ తెలిసేసరికి చీరాల గడియారస్తంభం దగ్గర ఒక సౌండు సామాన్ల కొట్లో, అట్టపెట్టెలో ఉన్నాను. నడుముకి కట్టుకునే నల్ల డబ్బా, అందులో స్పీకరు, చెవి మీంచి నోటి దగ్గరికొచ్చే తీగ, తీగ చివర చిన్న స్పాంజి ఉండ. అంతే నా ఒళ్ళు. నా పక్క పెట్టెలో వాణ్ణి పాత ఇనుము కొనేవాడు వీధుల్లో కేకలెయ్యడానికి పట్టుకుపోయాడు. ఇంకొకణ్ణి పాస్టరు గారు తీసుకెళ్ళారు. నన్నేమో టీచరమ్మ కొంది. నేను బడికి పోతున్నా, మీరు బజార్న పడండెహె అని మిగతా వాళ్ళ ముందు తెగ పోజు కొట్టాను. బడంటే ఏంటో తెలీక.

ఆ బడి పేరు సెయింట్ ఆర్యభట్ట టెక్నో స్కూల్. ఆర్యభట్టకి ఆ బిరుదు ఎవరిచ్చారో సోషల్ చెప్పే సలోమి టీచర్‌కి కూడా తెలీదు. గోడ మీద 'ప్రతి విద్యార్థిపై ప్రత్యేక శ్రద్ధ' అని రాసుంటుంది. ఆ గోడకి ఇవతల పిల్లలు ఒకళ్ళ ఒళ్ళో ఒకళ్ళు కూర్చుంటారు. పైన ఫ్యాను గిలకబావిలా అరుస్తుంది. వెనక బెంచీ దాకా పాఠం వెళ్ళాలంటే టీచరమ్మ గొంతు చించుకోవాలి. చించుకుంది. చిరగడం మొదలైంది. అప్పుడు తన డబ్బుతోనే నన్ను కొనుక్కుంది. ధర్మారావు గారు నన్ను చూసి ఎంత మురిసిపోయారని. "వెరీ గుడ్ టీచర్. ఇప్పుడు మూడో సెక్షన్ కూడా కలిపేయొచ్చు" అన్నారు.

ఒకరోజు పాఠం మధ్యలో ఆమె చెయ్యి తగిలి నా ఎర్ర బటన్ నొక్కుకుపోయింది. ఆ బటన్ నొక్కితే విన్నదంతా దాచుకుంటాను. అలా ఆ క్లాసు ముక్క ఒకటి నా కడుపులో ఉండిపోయింది. చెరిపెయ్యడం ఎలాగో ఆమెకి తెలీలేదు, వదిలేసింది.

పరీక్షలయ్యేసరికి గొంతు పూర్తిగా పట్టేసింది. డాక్టరు టార్చి వేసి చూసి, "చేతుల్లో కాసినట్టు గొంతులో కాయలు కాశాయమ్మా. వేసవంతా మాట్లాడకుండా ఉంటే తగ్గుతాయి. లేదంటే ఈ మిగిలిన గొంతు కూడా ఉండదు" అన్నాడు.

వేసవిలో నోరు మూసుకోవడమా, ప్రైవేటు టీచరా? వేసవంటే అడ్మిషన్లు. టీచర్లందరూ ఒకే రంగు చీరల్లో, ఎండలో ఇంటింటికీ తిరిగి గేట్లు కొట్టాలి. కుక్కలు మొరగాలి. "నమస్తే మేడమ్, మీ బాబు ఏ క్లాసు?" అని అడగాలి. ఆ బాబుకి అప్పటికే పెళ్ళయినా సరే, నవ్వాలి.

ఆమె కరస్పాండెంట్ గదికెళ్ళి, ఈ ఒక్క వేసవీ సెలవివ్వమని గుసగుసగా అడిగింది.

"మీరు మాట్లాడకపోతే పిల్లల్ని ఎవరు తెస్తారమ్మా, మీ డాక్టరు తెస్తాడా?"

"అయితే మానేస్తాను సార్. నా ఒరిజినల్స్ ఇప్పించండి."

మీకు తెలీకపోతే తెలుసుకోండి. చేరేటప్పుడే టీచర్ల సర్టిఫికెట్లన్నీ తీసుకుని బీరువాలో పెట్టేస్తారు. గొడ్డుకి మెడలో గుదిబండ కడతారే, అదీ ఇదీ ఒకటే. గొడ్డుకి మాత్రం తన మెడలో ఏముందో కనిపిస్తుంది.

"ఎందుకమ్మా కంగారు? ఇక్కడ భద్రంగా ఉన్నాయిగా. మీ ఇంట్లో చెదలు పట్టేస్తే?" అన్నాడాయన. ఎంత ప్రేమో.

అప్పటికే తెలిసినవాళ్ళు ఒక ఆసుపత్రి రికార్డుల గదిలో ఆమెకి ఉద్యోగం చూసిపెట్టారు. ఫైళ్ళు సర్దడమే పని, నోరు తెరవక్కర్లేదు. ఒరిజినల్స్ చూపించందే చేర్చుకోం అన్నారు ఆసుపత్రి వాళ్ళు. ఆమె ఉత్త చేతుల్తో తిరిగొచ్చి, గ్రైండరు కడిగి, మినప్పప్పు నానబోసింది. దోసెల పిండి అమ్ముకుంటే పిండి మార్కులడగదు, సర్టిఫికెట్టూ అడగదు.

ఆమె భర్త యోహాను మగ్గం పనిచేస్తాడు, నెమ్మదస్తుడు. "నువ్వు మాట్లాడొద్దు. ఇదే మాట్లాడుద్ది" అని నాలో తన గొంతు దాచాడు: దోసెల పిండి, ఇడ్లీ పిండి, గారెల పిండి. మొదటిరోజు పొద్దున్నే నన్ను పిండి బండికి కట్టి, టీకొట్టు ముందు ఆపి బటన్ నొక్కాడు. తప్పు బటన్ నొక్కాడు.

"సైలెన్స్. వెనక బెంచీ, ఏంటా మాటలు?" అన్నాను నేను. ఆమె పాత గొంతుతో, ఖంగుమని.

టీకొట్టు మొత్తం నోరు మూసుకుంది. బజ్జీ నోట్లో పెట్టుకోబోతున్నవాడు అలాగే ఆగిపోయాడు. మోటారు బళ్ళు రిపేరు చేసే నాగూరు, ఒకప్పుడు ఆమె దగ్గర చదివి, ఇప్పుడు మీసాలొచ్చి పిల్లల తండ్రి అయినవాడు, టీ గ్లాసు వెనక్కి దాచేసి లేచి నిలబడ్డాడు.

"నేను కాదు టీచరమ్మా, వీడే" అన్నాడు పక్కవాణ్ణి చూపించి.

ఆమె పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. చప్పుడు రాలేదు, భుజాలు మాత్రం ఊగాయి. ఆ వీధిలో పిండంతా ఆ పూటే అయిపోయింది. మర్నాటి నుంచి యోహాను గొంతు ఎవరికీ అక్కర్లేదు. "పాఠం పెట్టవయ్యా, పిండి తర్వాత" అనేవాళ్ళు. పాత ఇనుము వాడి బండి మీద, కొట్లో నా పక్క పెట్టెలో ఉన్నవాడు నాకు ఎదురయ్యాడు ఒకసారి. మీరు బజార్న పడండెహె అన్న నేనూ వాడి పక్కనే బజార్న ఉన్నాను.

ఈ సంగతి ధర్మారావు గారి చెవిన పడింది. కారు దిగి, బండి దగ్గరున్న స్టూలు మీద కూర్చుని, ఊరికే పోసిన టీ తాగుతూ అన్నాడు: "అమ్మా, మీ గొంతంటే ఊరందరికీ భయం, భక్తీ. ఆ మైకు మాకివ్వండి. అడ్మిషన్ల ఆటోకి కట్టుకుంటాం. ముందూ వెనకా మావాళ్ళు మాటలు కలుపుతారు. మా పనయ్యాక మీ సర్టిఫికెట్ల సంగతి చూద్దాం."

గొంతు తినేశాక మిగిలిన నీడ కూడా కావాలి ఆయనకి.

యోహాను నా వైపు చూశాడు, ఇచ్చేద్దామా అన్నట్టు. ఎందుకంటే ఆసుపత్రి వాళ్ళు ముందురోజే కబురుపెట్టారు: చోటింకా ఖాళీగానే ఉంది, సోమవారం లోపల కాయితాలు తెస్తే చాలు. నన్నిచ్చేస్తే ఆ కాయితాలు రావచ్చు. రాకపోవచ్చు కూడా, ఆ 'చూద్దాం' ఎలాంటిదో అందరికీ తెలిసిందే. టీచరమ్మ చేతులు తుడుచుకుని వచ్చింది. నన్ను బండి నుంచి విప్పింది. ఇచ్చేస్తుందనుకున్నాను. ఆయన ముందు పెట్టి, నా కడుపులో ఉన్న పాఠాన్ని ఇంతకుముందు ఎప్పుడూ వినిపించనంత ముందుకి పోనిచ్చింది.

"పీడనాన్ని నిరోధించే హక్కు అంటే ఏంటి? ఇందాకటి నుంచి చెప్తున్నా. కూర్చుని చూస్తావేం? లేచి చెప్పు."

ధర్మారావు గారు లేచారు. అలవాటో, అవమానమో. నాగూరు స్టూలు తీసి పక్కన పెట్టేశాడు.

"తర్వాత బాధపడతారు" అని ఆయన కారెక్కాడు. ఆమె నన్ను మళ్ళీ బండికి కట్టి, పిండి గరిట పట్టుకుంది.

నా బ్యాటరీ ఉబ్బిపోయింది. ఎన్నాళ్ళు పలుకుతానో తెలీదు, తర్వాత పాత ఇనుము బండే నా గతి. ఏడవను. కానీ ఆమె కాయితాలు ఇంకా ఆ బీరువాలోనే ఉన్నాయి. ఆమె ఒక్కదానివే కాదు, ఆ ఊళ్ళో సగంమంది టీచర్లవి. పిండి అమ్ముకోవడం చిన్నతనం కాదు, ఏ పని చేసుకోవాలో ఆమె ఇష్టం, బీరువా ఇష్టం కాదు. కాబట్టి తల్లిదండ్రులూ, నాగూరూ, బజ్జీ తింటున్నవాళ్ళూ, పాఠం విని నవ్వుకుంది చాలు. సోమవారం రాకముందే అందరూ కలిసి ధర్మారావు గారి గదికెళ్ళండి. శాలువాలు పట్టుకెళ్ళకండి. తాళం తియ్యమనండి. తీసేదాకా ఆయన్ని ఏ స్టూలు మీదా కూర్చోనివ్వకండి.